సుంకం లేని సరుకు, విడుదల కాని స్కాలర్‌షిప్

స్కాలర్‌షిప్ ఎందుకు రాలేదని అడిగితే హాస్టల్ నుంచి జిల్లా ఆఫీసు దాకా వినిపించే జవాబు ఒక్కటే: ‘బడ్జెట్ రిలీజ్ కాలేదు.’ ఫీజు బకాయి ఉందని కాలేజీ సర్టిఫికెట్లు ఆపేసినప్పుడూ ఇదే జవాబు. మేము పరిశోధక విద్యార్థులం. మాలో చాలామందిమి పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మీదే ఇంతదాకా చదువుకున్నాం. ఈ జవాబు విని వెనక్కి తిరిగిన రోజులు మాకూ ఉన్నాయి.

బడ్జెట్‌ను చదవడం దళిత ఉద్యమం మనకు నేర్పింది. 1979-80లో స్పెషల్ కాంపొనెంట్ ప్లాన్ మొదలైన నాటి నుంచి, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో సబ్‌ప్లాన్ చట్టం సాధించేదాకా, తెలంగాణలో 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం వచ్చేదాకా మన పోరాటమంతా ఖర్చు వైపే సాగింది. మా వాటా ఎంత? ఎంత విడుదల చేశారు? ఎటు మళ్లించారు? ఈ ప్రశ్నలు అవసరమైనవే, ఆపకూడనివే. కానీ బడ్జెట్‌కు రెండో పుట ఉంది. అది రాబడి పుట. సబ్‌ప్లాన్ వాటా జనాభా నిష్పత్తిలో, శాతాల్లో ఉంటుంది. కుండ చిన్నదైతే మన శాతం సరిగ్గా ఇచ్చినా గిన్నెలో పడేది తక్కువే. అందుకే ఆ కుండలోకి ఏం వస్తోంది, ఎక్కడ కారిపోతోంది అన్నది కూడా మన ప్రశ్న కావాలి.

అలా కారిపోతున్న చోట్లలో ఒకటి డిజిటల్ వాణిజ్యం. దాని గురించి తెలుగులో మాట్లాడుకున్నది తక్కువ. ఈ వ్యాసంలో దాన్ని విడమరిచి చెప్పే ప్రయత్నం చేస్తున్నాం.

పార్సిల్‌కు సుంకం, డౌన్‌లోడ్‌కు లేదు

విదేశాల నుంచి ఒక పుస్తకం ఓడలోనో విమానంలోనో వస్తే అది కస్టమ్స్ దాటాలి. 2019 జూలై బడ్జెట్‌లో దిగుమతి పుస్తకాల మీద కేంద్రం 5 శాతం కస్టమ్స్ సుంకం వేసింది. అదే పుస్తకాన్ని ఈ-బుక్‌గా ఫోన్‌లోకి దింపుకుంటే కస్టమ్స్ సుంకం లేదు. సరుకు అదే, రచయిత అదే, డబ్బు దేశం దాటి వెళ్లడం కూడా అదే. మారింది దారి మాత్రమే.

పుస్తకాల సంగతే కాదు. ఒకప్పుడు సినిమాలు రీళ్లుగా, పాటలు క్యాసెట్లుగా, సీడీలుగా, వీడియో గేములు డిస్కులుగా పెట్టెల్లో వచ్చేవి. ఇప్పుడు అవి తీగల మీద, గాలిలో వస్తున్నాయి. సరుకు రేవులో దిగితే తూచి, లెక్కగట్టి సుంకం వేయవచ్చు. సముద్రం అడుగు కేబుల్‌లో వచ్చే సినిమాకు రేవు ఏది?

సుంకం వసూలు చేయడం కష్టం కాబట్టే వదిలేశారని చాలామంది అనుకుంటారు. అది సగం నిజమే. మిగతా సగం ఒక ఒప్పందం.

1998లో ‘తాత్కాలికంగా’ ఒప్పుకున్నది

1998 మే నెలలో జెనీవాలో ప్రపంచ వాణిజ్య సంస్థ, అంటే డబ్ల్యూటీఓ, మంత్రుల సమావేశం జరిగింది. ఎలక్ట్రానిక్ ప్రసారాల మీద కస్టమ్స్ సుంకాలు వేయకుండా ప్రస్తుత పద్ధతినే కొనసాగిద్దామని సభ్య దేశాలు అక్కడ ఒప్పుకున్నాయి. దీన్నే ఈ-కామర్స్ మారటోరియం అంటున్నారు. అప్పటికి యూట్యూబ్ లేదు, నెట్‌ఫ్లిక్స్ డీవీడీలను పోస్టులో పంపే కంపెనీ, మన ఊళ్లలో ఇంటర్నెట్ అంటే ఎవరికీ తెలియదు. ఏం వదులుకుంటున్నామో లెక్క వేసుకునే స్థితిలో పేద దేశాలు లేవు.

తాత్కాలికం అన్న ఆ మాట పాతికేళ్లు దాటింది. దాదాపు ప్రతి మంత్రుల సమావేశంలోనూ గడువు పొడిగిస్తూ వచ్చారు. 2024లో అబుదాబీ సమావేశంలో, తర్వాతి మంత్రుల సమావేశం లేదా 2026 మార్చి 31, ఏది ముందైతే అప్పటిదాకా అని పొడిగించారు. దీన్ని శాశ్వతం చేయాలని అమెరికా చాలాకాలంగా పట్టుబడుతోంది. పునరాలోచించాలని ఇండియా, దక్షిణాఫ్రికా డబ్ల్యూటీఓలో కలిసి వాదిస్తూ వచ్చాయి.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ‘ఎలక్ట్రానిక్ ప్రసారం’ అంటే ఏమిటో ఆ ఒప్పందం ఎక్కడా నిర్వచించలేదు. ప్రసారం మీద మాత్రమే సుంకం వేయకూడదా, ప్రసారమయ్యే సినిమా మీద, సాఫ్ట్‌వేర్ మీద కూడా వేయకూడదా? బండి మీద సుంకం లేదంటే బండిలోని బస్తాల మీద కూడా లేనట్టేనా? ఈ ప్రశ్న ఇప్పటికీ తేలలేదు.

పోతున్నది ఎంత?

ఇక్కడ లెక్కలు రెండు రకాలు. రెండూ తెలుసుకోవాలి.

ఐక్యరాజ్యసమితి వాణిజ్య, అభివృద్ధి సంస్థ అంక్టాడ్ 2019లో వెలువరించిన పరిశోధన పత్రం పెట్టెల్లో వచ్చే దశ నుంచి డిజిటల్‌గా మారిన 49 రకాల వస్తువులను తీసుకుంది. సినిమాలు, సంగీతం, ముద్రిత సామగ్రి, సాఫ్ట్‌వేర్, వీడియో గేములు అందులో ఉన్నాయి. వాటి మీద సుంకం వేసుకోలేకపోవడం వల్ల ప్రపంచంలో ఏటా 1,000 కోట్ల డాలర్లకు పైగా రాబడి పోతోందని, అందులో 95 శాతం నష్టం అభివృద్ధి చెందుతున్న దేశాలదేనని అది అంచనా వేసింది. ఇండియా నష్టం సుమారు 50 కోట్ల డాలర్లు. అప్పటి మారకం రేటులో 3,200 కోట్ల రూపాయల పైమాటే.

ధనిక దేశాల కూటమి ఓఈసీడీ ఆర్థికవేత్తలు దీన్ని ఒప్పుకోరు. పోయేది ప్రభుత్వాల మొత్తం రాబడిలో సగటున 0.1 శాతం మాత్రమేనని, జీఎస్టీ లాంటి పన్నులతో దాన్ని రాబట్టుకోవచ్చని వారి వాదన. అంక్టాడ్ లెక్కలో డబ్ల్యూటీఓలో ఒప్పుకున్న గరిష్ఠ సుంకాలను తీసుకున్నారు. నిజంగా వేసే సుంకాలు దానికంటే తక్కువ ఉండవచ్చు. కాబట్టి ఆ అంకెను పై హద్దుగా చూడటం న్యాయం.

నష్టమంతా పేద దేశాల మీదే ఎందుకు పడుతుంది? రెండు కారణాలు. ధనిక దేశాలు ఈ సరుకును అమ్మేవి, మనం కొనేవాళ్లం. పైగా ధనిక దేశాల్లో కస్టమ్స్ సుంకాలు ముందే చాలా తక్కువ, వాళ్ల ఖజానా ఆదాయపు పన్ను మీద నడుస్తుంది. ఆఫ్రికాలోని అనేక దేశాలకు రేవులో వసూలయ్యే సుంకమే ఇప్పటికీ పెద్ద ఆధారం. ఆదాయపు పన్ను కట్టేవారు కొద్దిమందే ఉన్న చోట రేవే ఖజానాకు తలుపు.

మన దగ్గర ఈ డబ్బు చేతులు మారే దారి కూడా చూద్దాం. మూల కస్టమ్స్ సుంకం రాష్ట్రాలతో పంచుకునే నిధిలోకి వెళ్తుంది. 15వ ఆర్థిక సంఘం లెక్కలో ఆ నిధిలోని ప్రతి 100 రూపాయల్లో 41 రాష్ట్రాలవి. ఆ లెక్కలో ఆంధ్రప్రదేశ్‌కు సుమారు 1 రూపాయి 66 పైసలు, తెలంగాణకు 86 పైసలు వచ్చేవి. ఆ పైసల్లోంచే సబ్‌ప్లాన్ వాటా, ఆ వాటాలోంచే హాస్టల్ బియ్యం, మెస్ ఛార్జీలు.

రెండో తలుపు: లాభం మీద పన్ను

కస్టమ్స్ ఒక తలుపు మాత్రమే. రెండోది ఇంకా పెద్దది. కంపెనీ లాభం మీద పన్ను.

ఒక విదేశీ కంపెనీ లాభం మీద ఏ దేశం పన్ను వేయాలి? 1920ల్లో నానాజాతి సమితి కాలంలో రూపుదిద్దుకున్న సూత్రం ఇప్పటికీ నడుస్తోంది. ఆ కంపెనీకి మన దేశంలో ఆఫీసో, ఫ్యాక్టరీయో, ఏదో ఒక స్థిరమైన ఉనికి ఉంటేనే మనం పన్ను వేయగలం. ఫ్యాక్టరీల కాలానికి ఆ సూత్రం సరిపోయింది. ఇప్పుడు ఒక కంపెనీ ఇక్కడ ఒక్క గది కూడా అద్దెకు తీసుకోకుండా కోట్లమందికి సేవలు అమ్మవచ్చు, వాళ్ల సమాచారం పోగేసుకోవచ్చు, దాన్ని చూపి ప్రకటనలు అమ్ముకోవచ్చు. బిల్లు మాత్రం పన్ను తక్కువున్న దేశంలోని అనుబంధ కంపెనీ పేరు మీద వస్తుంది.

ఈ లోటును పూడ్చడానికి ఇండియా 2016 జూన్‌లో ఈక్వలైజేషన్ లెవీ తెచ్చింది. విదేశీ వేదికల మీద ఆన్‌లైన్ ప్రకటనలకు ఇక్కడి వ్యాపారులు చెల్లించే సొమ్ములో 6 శాతం ఖజానాకు కట్టాలి. పత్రికలు దీన్ని ‘గూగుల్ ట్యాక్స్’ అన్నాయి. 2020 ఏప్రిల్ నుంచి విదేశీ ఈ-కామర్స్ కంపెనీల అమ్మకాల మీద మరో 2 శాతం లెవీ చేరింది. రెండూ కలిసి బాగా వసూలైన కాలంలో ఏడాదికి 4 వేల కోట్ల రూపాయల దరిదాపులకు వచ్చాయి.

ఈ అంకె విలువ తెలియాలంటే పక్కన మరో అంకె పెట్టి చూడాలి. 2020 డిసెంబర్‌లో కేంద్ర మంత్రివర్గం ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు అయిదేళ్లకు 59,048 కోట్లు ప్రకటించింది. అందులో కేంద్రం వాటా 35,534 కోట్లు, అంటే ఏడాదికి సగటున 7,100 కోట్లు. ఒక్క ఈ లెవీ అందులో సగానికి మించి ఉంది. లెవీ డబ్బు నేరుగా స్కాలర్‌షిప్‌కు పోయిందని మేము అనడం లేదు. దేశంలోని దళిత విద్యార్థుల చదువుకు కేంద్రం పెట్టే డబ్బు ఎంతో, చేతికొచ్చి జారిపోయిన రాబడి ఎంతో పక్కపక్కన పెట్టి చూడమంటున్నాం.

లెవీ ఎందుకు పోయింది? రొయ్యలను అడగండి

ఈ లెవీ తమ కంపెనీల మీద వివక్ష అని అమెరికా 2020 జూన్‌లో విచారణ మొదలుపెట్టింది. తమ సెక్షన్ 301 చట్టం కింద 2021 జూన్‌లో కొన్ని భారతీయ సరుకుల మీద 25 శాతం సుంకం ప్రకటించి, అమలును ఆరు నెలలు ఆపి పెట్టింది. ఆ జాబితాలో బాస్మతి బియ్యం, నగలు, చెక్క సామానుతో పాటు రొయ్యలు కూడా ఉన్నాయి.

రొయ్యల పెంపకంలో దేశంలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. వాటిని ఎక్కువగా కొనే దేశం అమెరికా. కోస్తా జిల్లాల ప్రాసెసింగ్ షెడ్లలో మంచు నీళ్లలో చేతులు పెట్టి తలలు తీసేది, తొక్క ఒలిచేది పేద మహిళలు. వారిలో దళిత మహిళలూ ఉన్నారు. ఆన్‌లైన్ ప్రకటన మీద పన్నుకూ ఆ షెడ్డుకూ ఏ సంబంధమూ లేదు. కానీ బేరం బల్ల మీద ఆ పన్నుకు ఎదురుగా పెట్టింది ఆ షెడ్డు కూలినే.

2021 నవంబర్‌లో రెండు దేశాలూ రాజీకి వచ్చాయి. సుంకం అమలు కాలేదు. అంతర్జాతీయ ఒప్పందం వచ్చాక లెవీని తీసేస్తామని ఇండియా ఒప్పుకుంది. 2 శాతం లెవీ 2024 ఆగస్టు 1న పోయింది. 6 శాతం లెవీ 2025 ఏప్రిల్ 1న పోయింది. మరి లెవీ స్థానంలో వస్తుందన్న అంతర్జాతీయ ఒప్పందం ఏమైంది?

2021 అక్టోబర్‌లో ఓఈసీడీ ఆధ్వర్యంలో 136 దేశాలు రెండు అంచెల పరిష్కారానికి ఒప్పుకున్నాయి. మొదటి అంచె ప్రకారం ఏడాదికి 2,000 కోట్ల యూరోల పైన టర్నోవర్, 10 శాతానికి మించిన లాభం ఉన్న కంపెనీల అదనపు లాభంలో నాలుగో వంతు మీద, సరుకు అమ్ముడైన దేశాలకు పన్ను హక్కు రావాలి. ఆ అంచె ఇంతవరకు అమలులోకి రాలేదు. 2025 జనవరి 20న అధికారం చేపట్టిన రోజే ట్రంప్, ఈ ఒప్పందం అమెరికాకు వర్తించదని ప్రకటించారు. మన చేతిలోని గొడుగు తీసేశారు, కట్టిస్తామన్న ఇల్లు కట్టలేదు.

మనం ఒక్కళ్లమే కాదు

ఇండోనేషియా 2018లో తన కస్టమ్స్ పట్టికలో సాఫ్ట్‌వేర్, ఇతర డిజిటల్ సరుకుల కోసం ఒక ప్రత్యేక పద్దు తెరిచింది. సుంకం సున్నా అనే రాసింది. డబ్బు కోసం కాదు, రేపు వేయాలనుకుంటే వేసే హక్కు చేతిలో ఉంచుకోవడం కోసం. 2025 జూలైలో అమెరికాతో కుదిరిన వాణిజ్య అవగాహనలో ఆ పద్దును తీసేస్తామని, మారటోరియం శాశ్వతం కావడానికి మద్దతిస్తామని ఒప్పుకోవాల్సి వచ్చింది.

కెన్యా 2021 జనవరి నుంచి డిజిటల్ సేవల మీద 1.5 శాతం పన్ను వేసింది. ఓఈసీడీ ఒప్పందంలో చేరని నాలుగు దేశాల్లో అదొకటి. అదే కెన్యా 2024లో అప్పుల ఒత్తిడి కింద బ్రెడ్ మీద 16 శాతం వ్యాట్ వేయాలని ప్రతిపాదించింది. తర్వాత ఆ ప్రతిపాదనను విరమించుకున్నా, మిగతా పన్నుల మీద యువత వీధుల్లోకి వచ్చింది. జూన్ 25న పార్లమెంటులోకి చొచ్చుకుపోయింది. పలువురు ప్రాణాలు కోల్పోయారు. మరునాడు అధ్యక్షుడు రూటో బిల్లును వెనక్కి తీసుకున్నారు. ఆ గొడవకు డిజిటల్ వాణిజ్యం కారణం కాదు. కానీ ఖజానాకు డబ్బు కావాల్సి వచ్చినప్పుడు ప్రభుత్వం చేయి ముందుగా ఎటు చాస్తుందో ఆ బ్రెడ్ చెబుతుంది.

బరువు ఎవరి నెత్తిన?

మన దగ్గర ఆ చేయి ఎటు చాస్తుంది? జీఎస్టీ వైపు. ఇక్కడ ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. డిజిటల్ దిగుమతులకు అసలు పన్నే లేదనడం తప్పు. విదేశీ స్ట్రీమింగ్ సేవకు మనం కట్టే చందాలో 18 శాతం జీఎస్టీ ఉంది. ఓఈసీడీ వాదన కూడా ఇదే: కస్టమ్స్ పోతే పోయింది, వినియోగం మీద పన్ను ఉంది కదా అని.

కానీ జీఎస్టీ కట్టేది కొనేవాళ్లు, కంపెనీ లాభం కాదు. 2025 సెప్టెంబర్ 22న రేట్లు మార్చేదాకా స్నానం సబ్బు మీద కూడా 18 శాతమే. ఏళ్ల తరబడి విదేశీ స్ట్రీమింగ్ చందాకూ, ఉపాధి హామీ కూలీ కొనే సబ్బుబిళ్లకూ ఒకే రేటు. రోజు కూలి మీద బతికే ఇంట్లో వచ్చిందంతా సరుకులకే పోతుంది. ఆ ఇంటి రాబడిలో ప్రతి రూపాయీ పన్ను గడప తొక్కుతుంది. మిగులు ఉన్నవాడి రాబడిలో సగం ఆ గడప ముఖమే చూడదు. భూమి లేని, కూలి మీద బతికే కుటుంబాలు దళితుల్లో ఎక్కువ కాబట్టి, లాభం మీద పన్ను తగ్గి వినియోగం మీద పన్ను పెరిగిన ప్రతిసారీ ఆ బరువు మన వాడల మీదికి జరుగుతుంది.

ఇది కొత్త కథ కాదు. 1896లో బ్రిటిష్ ప్రభుత్వం లాంకషైర్ మిల్లుల ఒత్తిడికి లొంగి మన దేశంలో తయారైన మిల్లు బట్టల మీదే 3.5 శాతం ఎక్సైజ్ వేసింది. ఆ కాలంలోనే సామాన్యుడు తినే ఉప్పు మీద పన్ను ఉండేది. ఎవరి మీద పన్ను వేయాలి, ఎవరిని వదిలేయాలి అన్న నిర్ణయం బలం ఉన్నవాళ్ల చేతిలో ఉండేది. ఆ ప్రభుత్వపు ఖజానా లెక్కలను విప్పి చూసినవారిలో ఒకరు బాబాసాహెబ్ అంబేడ్కర్. కొలంబియాలో ఆయన డాక్టరేట్ పరిశోధన, 1925లో పుస్తకంగా వచ్చినది, బ్రిటిష్ ఇండియాలో కేంద్రం, రాష్ట్రాల మధ్య రాబడి, ఖర్చుల పంపకం మీదే. రాజ్యాంగ నిర్మాతగా మనం ఎత్తుకున్న అంబేడ్కర్‌ను ఆర్థికవేత్తగా ఇంకా తక్కువే చదివాం.

ఎదురయ్యే ప్రశ్నలు

‘సుంకం వేస్తే మా ఈ-పుస్తకాలు, సాఫ్ట్‌వేర్ ఖరీదవుతాయి కదా?’ అని విద్యార్థులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. మేమూ ఆ పుస్తకాల మీదే ఆధారపడ్డాం. చదువుకు పనికొచ్చే వాటికి మినహాయింపు ఇవ్వవచ్చు, ఇవ్వాలి కూడా. కానీ దేనికి వేయాలో, దేనికి వదలాలో నిర్ణయించే హక్కు ఉంటేనే మినహాయింపు ఇవ్వగలం. మారటోరియం శాశ్వతమైతే ఆ హక్కే పోతుంది.

‘కంపెనీలు ఈ పన్నును మనమీదికే నెట్టేస్తాయి కదా?’ కొన్ని దేశాల్లో అలాగే ప్రకటనదారుల బిల్లులో కలిపేశాయి. అందుకే అమ్మకం మీద వేసే లెవీ కంటే లాభం మీద పన్ను మేలు. దానికి ఒక్క దేశం బలం చాలదు. ఆఫ్రికా దేశాల చొరవతో ఐక్యరాజ్యసమితిలో పన్నుల ఒడంబడిక కోసం జరుగుతున్న ప్రయత్నం అందుకే ముఖ్యం. 2023 నవంబర్‌లో కమిటీ ఓటింగులో 125 దేశాలు దానికి అనుకూలంగా, 48 వ్యతిరేకంగా నిలిచాయి. ఇండియా అనుకూలంగా ఓటేసింది.

‘రాబడి పెరిగితే మాత్రం మనకు ఇస్తారా?’ ఇది అన్నిటికంటే చేదు ప్రశ్న. డబ్బు ఉన్న ఏళ్లలో కూడా సబ్‌ప్లాన్ నిధులు మళ్లించారు. రాబడి దానంతటదే న్యాయం చేయదు. కానీ రాబడి లేదన్న సాకును ముందు వాళ్ల చేతిలోంచి లాక్కోవాలి.

మనం అడగాల్సినవి

మొదటిది, మన దేశంలో వాణిజ్య ఒప్పందాలకు పార్లమెంటు ఆమోదం తప్పనిసరి కాదు. డిజిటల్ వాణిజ్యం మీద ఏం వదులుకుంటున్నారో సంతకానికి ముందే పార్లమెంటు ముందు, రాష్ట్రాల ముందు పెట్టాలని అడగాలి. పోయే సుంకంలో రాష్ట్రాల వాటా కూడా ఉంది మరి.

రెండోది, పన్ను రాయితీల వల్ల తగ్గే రాబడి ఎంతో కేంద్ర బడ్జెట్ పత్రాల్లో ఏటా ఒక ప్రకటన ఉంటుంది. మారటోరియం వల్ల, తీసేసిన లెవీల వల్ల పోయిన రాబడిని కూడా అలాగే అంకెల్లో చూపించాలని అడగాలి.

మూడోది మన పని. సబ్‌ప్లాన్ మీద జరిగే ప్రతి సమావేశంలో, ప్రతి స్టడీ సర్కిల్‌లో ఖర్చు పుటతో పాటు రాబడి పుట కూడా తెరవాలి. బడ్జెట్ ప్రతులు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. చదవడం మొదట్లో కష్టంగా ఉంటుంది. ఇద్దరు ముగ్గురు కూర్చుని ఒక్కో పద్దు చదివితే వారంలో దారి తెలుస్తుంది. మేమూ అలాగే నేర్చుకున్నాం.

‘బడ్జెట్ రిలీజ్ కాలేదు’ అన్న జవాబు విని ఇన్నాళ్లూ వెనక్కి తిరిగి వచ్చాం. ఇకమీదట అక్కడే నిలబడి ఇంకో ప్రశ్న అడుగుదాం: రావాల్సిన రాబడి ఎవరికి వదిలేశారు?